ఆ దణ్ణం నాకొద్దు

అబ్బ, మళ్ళీ ఆ దణ్ణాలేంటి బాబాయ్‌గారూ? చేతులు దించండి. గది అద్దాల తలుపులోంచి అందరికీ కనిపిస్తుంది. నిన్నటి నుంచీ ఇదే వరస.

గొంతులో ట్యూబు ఉంది, మాట రాదు కాబట్టి సరిపోయింది. ఇంకాసేపట్లో మా సూపర్‌వైజర్ ఫ్రౌ లింకె, డాక్టరూ వచ్చి అది తీసేస్తారు. మాట రాగానే ఏమంటారు మీరు? ఊర్మిళే నన్ను బతికించిందంటారు. అంటారా లేదా? చూశారా, తలూపుతున్నారు.

ఆ ఒక్క మాటతో నా పని అయిపోతుందండీ.

గుంటూరులో నర్సుగా ఉన్నప్పుడు ఐసీయూ వెంటిలేటర్లన్నీ నా చేతిమీదే నడిచేవి. అయితే ఏంటి? ఇక్కడ జర్మనీలో, ఈ ఆకెన్‌లో నాది తాత్కాలిక లైసెన్సు. ఫ్రౌ లింకె పక్కన లేకుండా మీ ట్యూబు ముట్టుకోకూడదు. ఈ శుక్రవారం ఆవిడ సంతకం పెడితేనే అనెర్కెన్నుంగ్ వచ్చేది, లైసెన్సు పూర్తిగా నాదయ్యేది. లేదంటే ఉద్యోగమూ పోతుంది, దాంతోపాటు వీసా కూడానూ.

నిన్న మీకు కఫం అడ్డుపడి ఊపిరాడలేదు కదా. బెల్లు కొట్టాను, ఎవరూ రాలేదు. సక్షన్ గొట్టం పెట్టి నేనే లాగేశా.

ప్రాణం మీదికొస్తే తప్పేముంది అనే కదా ఆ చూపు? నిజమే. అప్పుడే చెప్పుంటే ఏమీ అనకపోయేవారేమో. తర్వాత ఫ్రౌ లింకె పరుగున వచ్చి ఏమైందని అడిగితే నాకు భయమేసింది. ఆయనే దగ్గి బయటికి తెచ్చుకున్నారు అనేశాను.

మీరు నవ్వకండి. నవ్వేది కాదిది.

ఆవిడ ఎంత సంతోషపడిందనుకున్నారు! అంత గట్టిగా దగ్గగలిగితే ఇంక ట్యూబెందుకు, రేపే తీసేద్దాం అంది. డాక్టరూ సరేనన్నాడు. హైమావతి పిన్నిగారు మీ గొంతు వినాలని పొద్దున్నే వచ్చి బయట కూర్చున్నారు. నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు కూడా. నేనేం చెప్పను ఆవిడకి?

ఇందాక నేను గదిలోకొచ్చింది నా పేరెత్తొద్దని మిమ్మల్ని బతిమాలుకోవడానికే. దేవుడి తోడు, అందుకే వచ్చాను. కానీ మీరలా దణ్ణం పెడుతుంటే నా వల్ల కావట్లేదు.

మీకు దగ్గే బలం ఇంకా రాలేదు బాబాయ్‌గారూ. ఇవాళ ట్యూబు తీస్తే, మళ్ళీ కఫం అడ్డుపడితే, లాగడానికి దారుండదు. ఆ సంగతి ఇక్కడ నా ఒక్కదానికే తెలుసు.

అదిగో, వస్తున్నారు. నా చెయ్యి వదలండి. ఫ్రౌ లింకెతో నిజం నేనే చెప్తాను.