సీలుకిచ్చే నీళ్లు

గడ్డకట్టిన సముద్రం మీద ఆ ముసలి భార్యాభర్తలు మోటారు బండి ఆపారు. వెనక కట్టిన, మంచు మీద జారే స్లెడ్జి మీద వాళ్ల ఆఖరి కుక్క తులుగాక్ కదలకుండా పడుకుని ఉంది.

“పోయిందే. ఒళ్లు చల్లబడింది.”

“పోనీలేవయ్యా. సముద్రం చూసే పోయింది.”

“మంచు కింద సీలు జంతువు ఊపిరి పీల్చుకునే కన్నం ఎక్కడున్నా వాసన పట్టేసేది. ఈ మోటారుకి ముక్కేదీ?”

“నువ్వు బండి కదలకుండా మంచులో కొక్కెం దిగ్గొట్టడం మరిచిపోయి సీలు కోసం కాచుక్కూర్చుంటే, మిగతా కుక్కలతో కలిసి స్లెడ్జిని ఇంటికి లాక్కొచ్చేసింది కూడా ఇదే.”

“నేను నడుచుకుంటూ వస్తే నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. అవునూ, మంచు నోట్లో పెట్టుకున్నావేం?”

ఆమె ఆ కరిగిన నీళ్లను కుక్క నోట్లోకి వదిలింది.

“పిచ్చిదానా, అది వేటలో చచ్చిన సీలుకి చేసేది! ఉప్పునీళ్లలో బతికి దాహంతో ఉంటుందని.”

“మంచినీళ్లు తాగిన సీలు మళ్లీ పుట్టి మన దగ్గరికే వస్తుందని మీ అమ్మేగా చెప్పింది?”

“చెప్పింది. అయితే?”

“ఇదీ రానీ.”

ఆయన వంగి గుప్పెడు మంచు తీసుకున్నాడు.

“జరుగు. ఒక్క గుక్క ఏం సరిపోతుంది దానికి?”