ముప్పై ఎనిమిది కరెంటు కత్తులు

అది కాదు వదినా, ఆ టీ అలా పక్కన పెట్టేయకండి. కప్పు శుభ్రంగానే ఉంది, నేనే తోమాను. ఈ ఇంట్లో ఏది ముట్టుకోవాలన్నా మీకు అనుమానమే, నాకు తెలుసు. నాకు లేదూ అనుమానం? పదిహేనేళ్ళ నుంచి అనుమానంతోనే తింటున్నాను!

మీ తమ్ముడికి పోగేసుకోవడానికి లోకంలో ఇంకేం దొరకలేదు. స్టాంపులా, నాణేలా, పోనీ పాత గడియారాలా? కరెంటు కత్తులు! మాంసం కోసుకునే పాత కరెంటు కత్తులు! ముప్పై ఎనిమిది! అవిగో, ఆ అద్దాల బీరువాలో, నా పింగాణీ సామాను ఉండాల్సిన చోట. పిడిలో మోటారు, ముందు పళ్ళున్న రేకులు రెండు. మీట నొక్కితే ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ముందుకీ వెనక్కీ ఆడతాయి. ఆ చప్పుడు వింటే పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

కొత్తవి కొంటారా? కొనరు. ఎవరైనా పోతే ఇల్లు ఖాళీ చేసి సామాను అమ్మేస్తారు చూడండి, అక్కడికి పరిగెడతారు. తెచ్చి, ఇదిగో, మనం తినే ఈ బల్ల మీదే విప్పుతారు.

రేకు దూరే సందులో ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? చూడకండి. ఎవరింటి కొవ్వో, ఎన్నేళ్ళదో, చెవిలో గులిమిలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పుల్లతో తీసి వాసన చూస్తారు వదినా! చూసి, "ఇది బాతు" అంటారు. నవ్వుతారు! ఒకసారి అందులోంచి నెరిసిన వెంట్రుక వచ్చింది. ఆ పూట నాకు పచ్చి మంచినీళ్ళు కూడా దిగలేదు. ఆయన మాత్రం అదే కత్తితో కోడిని కోసుకుని సుబ్బరంగా తిన్నారు.

ఏంటీ? కడిగితే పోదా అంటారా? మోటారున్న పిడిని నీళ్ళలో ముంచకూడదట. తడిగుడ్డతో తుడిస్తే చాలట. ఛీ!

సరే, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఊరుకున్నాను. మనవరాలి మొదటి పుట్టినరోజుకి మీరు ఊళ్ళో లేరు, అదృష్టవంతులు. తెల్లటి క్రీము కేకు. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఈయన అన్నిటికన్నా పాతది, ఆ పసుపురంగు పిడిది తెచ్చి మీట నొక్కారు. కాదనను, అంచు చెదరకుండా తెగింది. ఆఖరి ముక్క కోస్తుంటే పిడిలోంచి నల్లటి జిడ్డు బొట్టు క్రీము మీద పడింది. దాన్ని వేలితో తీసి ప్యాంటుకి రాసుకుని, "ఏం కాదు, తినండి" అంటూ ఆ ముక్కని వియ్యపురాలి చేతిలో పెట్టారు! ఆవిడ పళ్ళెం తీసుకెళ్ళి మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ అదే పని. మా అమ్మాయి నా వైపు చూసిన చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆయన బజారుకెళ్ళారు.

ఆగండి, నన్ను చెప్పనివ్వండి. తమ్ముడికి మతిమరుపు వచ్చిందని మీరు తల స్కానింగుకి రాయించిన కాగితాలు పట్టుకొచ్చారు, బ్యాగులోంచి కనిపిస్తూనే ఉన్నాయి. ముందు ఇది వినండి.

ఆ రేకులు జతలు వదినా. ఏ కత్తి జత దానిదే. ఇంకోటి పెడితే పట్టినట్టే పట్టి, మీట నొక్కగానే టకటకా కొట్టుకుంటుంది. ఏ జత దేనిదో ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవారు, ఒక్కదాని మీదా గుర్తు గీసుకోలేదు, అదే ఆయన గొప్ప. నేను ముప్పై ఎనిమిది జతలూ విడదీసి కలగాపులగం చేసేశాను. గంట కూడా పట్టలేదు. నాలుగు తిడతారని, చివరికి విసుగెత్తి అన్నీ పారేస్తారని అనుకున్నాను.

తిట్టలేదు. నన్ను అనుమానించనే లేదు! మూడు రోజులు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఒక్కో రేకూ పెట్టి తీసి, పెట్టి తీసి... నాలుగో రోజు, "నేనే కలిపేసుకున్నట్టున్నానే, నాకేం గుర్తు లేదు" అన్నారు. మీ నాన్నగారు చివర్లో మిమ్మల్నే పట్టుకుని "ఎవరమ్మా నువ్వు" అని అడిగారు కదా. ఆ రోజు మీరంతా ఎంత భయపడ్డారో, అంత భయం ఈయన ముఖంలో చూశాను.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటారా? ఇల్లు శుభ్రంగా ఉంది వదినా! ఈ రెండు నెలల్లో బల్ల మీద జిడ్డు లేదు, కొత్తగా ఒక్క కత్తి గుమ్మం దాటి రాలేదు. నాకు హాయిగా ఉంది. ఛీ, ఏం మనిషిని నేను, నాకు హాయిగా ఉంది!

మొన్న ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో చీటీ దొరికింది. ఆయన రాతే. ఇంటి చిరునామా, మనవరాలి పేరు, దాని కింద నా పేరు. నా పేరు పక్కన "భార్య" అని.

అలా చూడకండి. మీరు అనబోయేవన్నీ నేను ఎప్పుడో అనేసుకున్నాను. రేపు పొద్దున్న పదింటికే కదా స్కానింగు? మీరే తీసుకెళ్ళండి. నేను రాను. నేనొచ్చి, మతిమరుపు ఎప్పుడు మొదలైందని డాక్టరు నన్ను అడిగారంటే, తారీఖుతో సహా చెప్పేస్తాను.