అన్నం చాలని రోజు

హ్యూ నగరంలో ఒక పాత సైనిక దళం ఏటా కలిసి భోంచేసే రోజు. ముసలి కమాండరు వంటింటి గడప మీద కూర్చుని, యుద్ధంలో దళానికి వండిపెట్టిన అక్కకి ఉల్లికాడలు తరిగి ఇస్తున్నాడు.

“పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చిందక్కా. నా గొప్ప విజయం ఏదని అడిగింది.”

“ఎర్ర కొండ పోరు అనేసుంటావు. మెడల్ దానికేగా ఇచ్చారు!”

“ఆ రోజు అన్నం గుర్తుందా?”

ఆమె గరిటె ఆగింది. “లేకేం? తొంభై మందికి వండితే సగం మిగిలిపోయింది. తినేవాళ్ళేరీ?”

“అక్కడ నాకు ఆగడం తెలియలేదు. అందుకే ఆ అమ్మాయికి వాగు దగ్గర పోరు చెప్పాను.”

“అదీ ఒక పోరేనా! పొద్దు వాలకముందే వెనక్కొచ్చేశారు.”

“నన్ను తిట్టిపోశావు కూడా.”

“తిట్టనూ మరి! ఎందరు తిరిగొస్తారోనన్న భయంతో తగ్గించి వండితే, అందరూ దిగబడ్డారు! నాకు అడుగు మాడు కూడా దక్కలేదు.”

“నేను గెలిచింది ఆ ఒక్కటేనక్కా.”

ఆమె కడగబోతున్న బియ్యంలోంచి రెండు గిన్నెలు తీసి పక్కన పెట్టింది.

“ఇవాళ కూడా తగ్గించే వండుతా. మళ్ళీ గెలుద్దువుగాని.”