రాజక్క ఓడెక్కాలె

తప్పంతా నా మీదనే ఏస్తవేంది రాజక్క వదినె? ఓడ ఎక్కొద్దని నేనన్ననా? నేను పోయొచ్చిన ముచ్చట నేను చెప్పుకున్న. విని బెదిరింది నువ్వు. ఇప్పుడు నీ బిడ్డ రమ పొద్దుగాలనే మస్కట్ నుంచి నాకు ఫోన్ చేసి, "అత్తా, మా అవ్వకు ఏం నూరిపోసినవ్" అని నిలదీస్తది.

నర్సు పని చేసే పిల్ల, రోజూ ఎన్ని రోగాలు చూస్తదో, అసొంటిది ఏడ్చింది. "నాలుగేండ్లకు పదిహేను దినాల సెలవు దొరికింది. ఇంట్ల ఉంటే అవ్వ పొయ్యి కాడి నుంచి లేవది. షికారు ఓడల పొయ్యి ఉండదు కద అత్తా, మూడు దినాలన్న నా పక్కన కూసుంటదనుకున్న" అన్నది. నా చేతుల చాయ్ చల్లారి మంచుగడ్డయింది.

జర జరుగు, కూసోనియ్యి. గా చిక్కుడుకాయలు ఇటు పెట్టు, నేను సుత గిల్లుత. చేతులు ఊకె ఉంటే నాకు నోరు తిరగది.

సాయంత్రం దాకనే టైమట. నువ్వు ఊ అంటే సరే, లేకుంటే ఓడల మీ గది ఇంకెవలకో ఇచ్చేస్తరట. అందుకే ఉరికొచ్చిన. నా మోకాళ్లు చూడు, గుమ్మడికాయలైనయ్. మన క్వార్టర్ల నడుమ ఇరవై అడుగులే ఉంటే ఉండనీ, నాకు ఇరవై ఆమడలు.

ఏం భయం నీకు, చెప్పు. కక్కుడేనా?

నేనేమని చెప్పిన? ఓడ మన నస్పూర్ బొగ్గు కుప్పంత ఎత్తు లేస్తది, మళ్ల బొగ్గుబాయంత లోతుకు దిగుతది అన్న. నిజమే, అన్న. మనుషులు దోసకాయలోలె ఈ గోడ నుంచి ఆ గోడ దాక దొర్లుతరన్న. రెండువేల మంది ఒక్కసారే కక్కితే బరువు తగ్గి ఓడ జానెడు పైకి తేలిందన్న.

గిది నమ్మినవా నువ్వు? నలభై ఏండ్ల సంది పక్కింట్ల ఉంటున్నవ్. మా తల్లిగారింటి బర్రె పూటకు ఇరవై లీటర్లు ఇచ్చేదంటే నమ్మలే. మా అత్త నూటపదిహేనేండ్లు బతికి నన్ను సతాయించిందంటే నమ్మలే. గిదొక్కటి నమ్మబుద్ధయిందా?

నవ్వితే నవ్వు కని, ఊ అను.

అనవా? మంచిది. అయితే కక్కుడు రాకుండ తరీఖ చెప్త, చెవి ఇటు పెట్టు. ఓడ కదలక ముందే, గంట ముందుగాల గోలి మింగాలె. డాక్టర్‌ను అడిగి తీసుకపో, నీకు బీపీ ఉన్నది. ఖాళీ కడుపుతోని ఎక్కకు. గట్లని గొంతుదాక తినకు, నూనె వస్తువులు ముట్టకు. ఇంత అల్లం ముక్క బుగ్గన పెట్టుకో. ఫోన్ల బొమ్మలు చూడకు. గది ఓడ నడుమల తీసుకొమ్మని రమకు చెప్పు, ముందు కొనకు, వెనుక కొనకు ఊపు ఎక్కువ. కడుపుల తిప్పినట్టయితే గదిల పండకు, పైకి పోయి దూరం చూడు. పైకి పోయినంకనే నేను బతికిన.

ఏందట్ల చూస్తవ్?

బతికిన అన్ననా? అంటే అంటి. నాకు ఒక్క డోకు సుత రాలే అని మరి ఎవలు చెప్పిన్రు? నేనే చెప్పిన. ముసలాయన కక్కిండు, నేనే ఆయనకు తల పట్టిన, ఓడ నడిపేటాయనకు సుత నేనే మజ్జిగ పోసి నిలబెట్టిన అన్న. ఒకటికి పదిసార్లు అన్న. నీ యాది మంచిగనే ఉన్నది, బీపీ గోలి యాళ్లకు మాత్రం ఎటు పోతదో.

సరే. కాయలు గిల్లుకుంటనే విను. నా మొకం దిక్కు చూడకు.

ఓడల కక్కింది మీ అన్న కాదు. నేను.

ఎంత కక్కిన్నో చెప్పాల్నా? చిన్నప్పుడు తాగిన తల్లిపాలు సుత వచ్చినయ్. ఓడల కక్కుడు సంచులు అయిపోతే గోవా నుంచి తెప్పిచ్చిన్రు. సరే, తెప్పియ్యలే. కని అయిపోవుడు మాత్రం అయిపోయినయ్.

అంతా నా తెలివే. మా మనుమరాలు భూమిక, కొలువొచ్చిన ఖుషీల మమ్ములను ఇద్దరిని బొంబాయి తోల్కపోయి ఓడెక్కిచ్చింది కద. పొద్దుగాలనే గోలి చేతుల పెట్టి, "అమ్మమ్మా, ఇప్పుడే మింగు" అన్నది. రోగం రాకముందే గోలి ఎవలన్న మింగుతరా, నువ్వే చెప్పు. దండుగ కద. వస్తే మింగుదామని కొంగుకు ముడేసుకున్న. దాని మీదికెళ్లి, క్షేమంగ దాటిస్తే చాలు తల్లీ అని గంగమ్మకు ఒక్కపొద్దు ఉపాసమున్న. ఇగ ఖాళీ కడుపు. సముద్రానికి ఖాళీ కడుపంటే ఎంత ఇష్టమో నాకేం తెలుసు.

ఓడ కదిలింది. గంటకే నా కడుపుల రోకలిబండ పడ్డది. అప్పుడు ముడి ఇప్పి గోలి మింగిన. అది మింగినంత సేపు పట్టలే, నీళ్లతోని సహా బయటికొచ్చి నన్ను చూసి నవ్వింది.

మీ అన్న పరేషాన్ అయిండు. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. మొదటిసారి బొగ్గుబాయిల లిఫ్టు దిగిననాడు ఆయనకు సుత కడుపుల దేవిందట. పక్కనున్న పెద్దమనిషి, "కండ్లు మూసుకో, కదలకు, అదే సర్దుకుంటది" అన్నడట. ముప్పయ్యారేండ్లు గదే సూత్రం. నన్ను గదిల పండబెట్టి, దీపం బంద్ చేసి, తలుపేసి, "కండ్లు మూసుకో, కదలకు" అన్నడు. ఆ గదికి కిటికీ లేదు వదినె. అచ్చం బాయే. కండ్లు మూస్తే ఓడ నా తలకాయలకు ఎక్కి తిరుగుడు పెట్టింది. మూసినకొద్ది తిరిగింది. పొద్దు వాలేదాక గంతే.

ఇగ చచ్చిపోత అనుకున్న. గిది పెంచి చెప్పుడు కాదు, నిజంగనే అనుకున్న. "నన్ను సముద్రంల వెయ్యకు, నస్పూర్ తీసుకపో" అని ఆయనకు చెప్పిన.

ఆయన దీపం వేసిండు. అటెన్క నన్ను లేపిండు. భుజాల కింద చెయ్యి పెట్టి, మెట్టు మెట్టు ఎక్కిచ్చి పైకి తోల్కపోయిండు. ఒక కుర్చీల కూసోబెట్టిండు. గాలి కొట్టింది. "కండ్లు తెరువు" అన్నడు. "తప్పు చెప్పిన్నే. బాయిల చూసెతందుకు ఏం లేదు, అందుకే కండ్లు మూసుడు. ఇక్కడ ఉన్నది కద, చూడు" అన్నడు.

చూసిన. దూరంగ ఆకాశం, సముద్రం కలిసే కాడ గీత. ఓడ ఊగుతుంది, నేను ఊగుతున్న, ఆయన ఊగుతుండు. గీత మాత్రం కదలలే. దాన్నే చూసుకుంట కూసున్న. రెండు బిస్కెట్లు బుక్క బుక్క పెట్టిండు. అల్లం ముక్క నోట్లేసిండు. నెమ్మదిగ కడుపు సల్లపడ్డది. మిగిలిన రెండు దినాలు నాలుగు పూటలకు ఎనిమిది పూటలు తిన్న.

మీ అన్నకా? ఏం కాలే. బాయిల దిగిన కడుపు ఆయనది, రాయి. నా సంచి పట్టుకొని నిలబడ్డది ఆయన. ఇగ నేనేమో ఊళ్లె దిగంగనే ముచ్చట తిరగేసిన.

చాయ్ హోటల్ల ఇప్పటికి సుత ఆయనను, "ఏం మొగిలన్నా, కప్పు వంగితే కడుపుల తిప్పుతదా" అని నవ్వుతరు. చాయ్ తాగి ఇంటికొస్తడు. ఎందుకట్ల చెప్పినవే అని ఒక్కనాడు అడగలే. అడిగితే ఏదో ఒకటి చెప్పెదాన్ని. అడగకపాయె.

అయితే నిన్నెందుకు బెదిరిచ్చిన అంటవా?

నువ్వు పోతే నాకు పొద్దు పోదని, గుబులయ్యి గట్లన్న అంటే బాగుంటది కద. గదే చెప్దామని దారంతా నూరుకుంట వచ్చిన. నీ మొకం చూసినంక వస్తలేదు.

ఈ కాలనీల ఓడెక్కింది నేనొక్కదాన్నే వదినె. బతుకమ్మ కాడ, నల్లా కాడ, సచ్చినోళ్ల ఇండ్ల కాడ సుత, "పోశవ్వా, జర ఓడ ముచ్చట చెప్పు" అంటరు. డెబ్బయి దాటినయ్ నాకు. ఇన్నేండ్లల నన్ను ఎవలు ఏం చెప్పుమన్నరు? నాయంతల నేనే చెప్తుంటి, మంది చీపురు తీసుకొని పనున్నట్టు తప్పుకుంటుంటిరి. ఇప్పుడు పీట వేసి అడుగుతున్రు. నువ్వు పోయొస్తే ఇద్దరమైతం. నువ్వేమో ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషివి. ఓడ కదిలినట్టే తెల్వలే, అన్నం మంచిగున్నది అంటవ్. గంతే, నా ఓడ మునిగె.

గందుకు బెదిరిచ్చిన. నీ బిడ్డ ఏడుస్తదని యాదికి రాలే. వచ్చినా ఊకుందునో లేదో, నాకే తెల్వది.

చేతులు తుడుచుకో. ఇగో ఫోన్. రమకు ఊ అని చెప్పు, నా పేరు చెప్పి తిట్టినా సరే. నిన్ను ఆ మూడు దినాలు పొయ్యి ముట్టనియ్యదట, కూసోవుడు నేర్చుకో.

వచ్చినంక నల్లా కాడ నువ్వే చెప్పు. నేను వింట. వింట అంటున్న కని, నాలుగు మాటలు అయినంక నేనే అందుకుంట, అది నీకు సుత తెలుసు. అప్పుడు నువ్వు సప్పుడు చెయ్యకుండ ఊకో. నలభై ఏండ్ల సంది చేస్తున్న పనే కద.