లింగన్న చూసిన ఇంగ్లాండు చర్చి

లింగన్న నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ల చేతిలో చాయ్ చల్లారాల్సిందే. ఆ శుక్రవారం సెలవు మధ్యాహ్నం ఖతర్‌లో, అల్ హిలాల్‌లోని చాయ్ దుకాణం ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లు అతని కోతలు విని నవ్వుకుందామనే వచ్చారు. ముత్యం మాత్రం భయపడుతూ వచ్చాడు.

భయం ఉండదా మరి? అల్ తుమామా దగ్గర ఒక హోటల్ తోటలో రాతి వాకిలి కడుతున్నారు. ప్రపంచ కప్పు చూడటానికి వచ్చే ఇంగ్లీషువాళ్లు మురిసిపోవాలట, అందుకని వాళ్ల పాతకాలపు పల్లెటూరి చర్చి వాకిలిలాగే ఉండాలట. పైన మొనదేలిన కమాను. లోపల ఇనుప సీకు ఒక్కటి లేదు, రాయికి రాయే ఆసరా. ఇప్పటికైతే కింద బిగించిన సెంట్రింగ్ కట్టెలే దాన్ని మోస్తున్నాయి. రేపు పొద్దున ఆ కట్టెలు విప్పాలి. విప్పేది ముత్యం. కమాను పేర్చిన మేస్త్రి, ఖర్మ కాలి, ఈ లింగన్న.

"ఇంగ్లాండుల ఇసొంటియి మస్తు కట్టిన సార్" అని ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్‌తో చెప్పి ఆ పని పట్టాడు. ఇక్రాముద్దీన్‌ది నిజామాబాద్. అతనూ ఇవాళ బెంచీ చివర కూర్చుని చాయ్ తాగడం మరిచిపోయి వింటున్నాడు.

"పెద్దగ ఏం జెయ్యలేదు, కృష్ణప్రసాదూ," అని లింగన్న మొదలుపెట్టాడు. కృష్ణప్రసాద్ మదీనత్ ఖలీఫాలో ఒక ఇంటి డ్రైవరు, గోదావరి మనిషి. "పాత కంపెనీల తెల్ల మేనేజర్ నన్ను ఎంట దీస్కపోయిండు. వాళ్లూర్ల ఎన్నడో రాజుల కాలం నాటి చర్చి. గోడలు ఎంత మందమంటవ్, కిటికీల కాళ్లు సాపుకొని పండుకోవచ్చు. గోడ ఒరగకుండ బయటికెల్లి రాతి ఊతాలు. వాకిలి కమాన్ల నడిమి రాయి జారింది. ఎవ్వలకు చాతగాలే. నేను సర్ది పెట్టిన. గంతే."

ఇంతవరకు నిజమే కావచ్చనిపించి ముత్యానికి కొంచెం ఊపిరాడింది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రాయి గట్టిగ కూసునే సరికి గంటల గోపురం అటు ఒరిగింది. నేను ఈపు ఆనిచ్చి నిలవడ్డ. పైన గంటలు ఒకటే మోత! ఫాదర్ ఉరికొచ్చి నా కాళ్లు వట్టుకున్నడు. ఇడువు సామీ, నేను కదిల్తె నీ చర్చి పోతది అన్న. అట్లనే నిలవడి తిన్న, అట్లనే కునుకు దీసిన."

"మరి బాత్రూమ్‌కో?" అన్నాడు కృష్ణప్రసాద్.

"ఆ చలికి అది గూడ గడ్డకడ్తది."

అందరూ పగలబడి నవ్వారు. ముత్యం మధ్యలో దూరాడు. "అన్నా, నడిమి రాయి పెట్టినంక కట్టెలు ఎప్పుడు ఇప్పిండ్రే?"

"అవును లింగన్నా, అది జెప్పు," అన్నాడు ఇక్రాముద్దీన్, ముందుకు వంగి.

"ఆగుండ్రి, ఆడికే వస్తున్న," అంటూనే లింగన్న ఆడికి రాకుండా వానలోకి వెళ్లిపోయాడు. "వాన మొదలైంది. చర్చి చూరు కింద రాతి మొకాలుంటయి, దయ్యాల లెక్క, నోట్లకెల్లి వాన నీళ్లు కక్కుతయి. ఆ వానకు వాటికి పొలమారింది! ఒక్కొక్కదాని నెత్తి మీద తట్టుకుంట తిరిగిన. ఇంతల వరద. ఊరంత చర్చిలకు జొచ్చింది. పైకి జూసిన. లోపట నిలవడి జూస్తె ఆ కట్టె పైకప్పు బోర్లేసిన పడవ లెక్కనే ఉంటది. ఇగ చూసుకో, యల్లా, పదండ్రి అని దాన్ని ఊడవెరికి, తిరగేసి, అందర్ని ఎక్కిచ్చి, గోపురం కొసను తెడ్డు జేసి సముద్రం దాక ఏసుకపోయిన!"

"అలాగే ఖతర్ వచ్చేశారా ఏంటండీ?" అన్నాడు కృష్ణప్రసాద్.

"మరి నేను ఈడికి వీసా మీద వచ్చిన అనుకుంటున్నవా?"

నవ్వులకు బెంచీ ఊగింది. ముత్యం మాత్రం బెంచీ మీద నుంచి లేచాడు.

"అన్నా," అన్నాడు. "మా ఊర్ల స్లాబు కట్టెలు ఇప్పేనాడు, ఆ స్లాబు ఏసిన మేస్త్రి కింద నిలవడి ఒక బీడీ తాగుతడు. ఆయన నిలవడ్డంకనే మేం కట్టె ముట్టుకుంటం. రేపు నువ్వు కమాను కింద నిలవడి తాగు. బీడీ నేనే తెస్త."

లింగన్న గ్లాసు నోటి దగ్గరికి తీసుకుపోయాడు. అందులో చాయ్ ఎప్పుడో అయిపోయింది.

"రేపు... నా నడుము కొంచెం..."

"గోపురం మోసిన నడుమేనాండీ?" అన్నాడు కృష్ణప్రసాద్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లింగన్న గొంతు సగానికి పడిపోయింది. "నాకేం తెల్వదుర ముత్యం. ఆ చర్చి ఫోన్ల జూసిన. రాళ్ల మీద నంబర్లుండె, నంబర్ల లెక్కన పేర్చిన. కమాను పని వచ్చునా అన్నరు, వస్తది సార్ అన్న. నువ్వనలేదా?"

అన్నాడు. స్లాబులు తప్ప కమాను కట్టెలు ఎన్నడూ విప్పని ముత్యం కూడా అదే మాట అన్నాడు. ఈ దేశంలో ఏ పని అడిగినా అందరూ చెప్పే మాట అదొక్కటే. రాదన్నవాడిని జీతం లేకుండా రూమ్‌లో కూర్చోబెడతారు, లేదా ఇంటికి టికెట్ చేతిలో పెడతారు.

ముత్యం ఫోర్‌మన్ వైపు తిరిగాడు. "సాబ్, మీకైతే ఎర్కే గదా?"

ఇక్రాముద్దీన్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంజనీర్ సాబ్ వేరే సైట్ల ఉన్నడు. ఆయన్ని రావద్దన్నది నేనే. ఇంగ్లాండు పోయొచ్చిన మేస్త్రి ఉండంగ నాకేం భయం అనుకున్న."

ఇక్రాముద్దీన్ ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు, ముత్యం ముఖం చూసి మళ్లీ తీశాడు. "సాబ్, రేపు కట్టెలు ఇప్పం. మాకు రాదు. మీరే వచ్చి చూడాలె," అని ఇంజనీరుకు హిందీలో చెప్పి, అవతలి మాట చాలాసేపు విన్నాడు.

"కోపం చేసిండు. రేపు ఆయనే వస్తడట. అప్పటిదాక దాని కిందికి కుక్కను గూడ పోనియ్యొద్దన్నడు."

లింగన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఇంగ్లాండుల గూడ అచ్చం ఇట్లనే..."

"తెల్వదు అనేటందుకు ఇంగ్లాండు దాక పోవుడెందుకే అన్నా?" అన్నాడు ముత్యం.

నవ్వుతూనే అని, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.