నాగూరు కొన్న గేర్ల సైకిలు

నాగూరని ఒకడుండేవోడు మన కాలవ పక్క ఊళ్ళో. టౌనులో పరుపులు కుట్టే కొట్లో పని. ఆడి పెళ్ళాం జానమ్మదీ టౌనులోనే పని, మిషను కుట్టిద్ది. ఆమె జాకెట్టు కుట్టిందంటే మళ్ళీ విప్పి సరిచేసే పనే ఉండదనుకో. అయితే చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడంకాలు సన్నబడిపోయింది ఆమెకి, మోకాలి మీద చెయ్యేసి నొక్కుకుంటా నడిచిద్ది. అందుకని నాగూరు ఏం చేసేవోడంటే, సైకిలు ఎనక క్యారియర్ మీద తనే కుట్టిన దూది మెత్త కట్టి, పొద్దున్నే ఆమెని కూచోబెట్టుకుని తొక్కుకుంటా పోయేవోడంట. దారి పొడుగునా ఆమె మాట్లాడతానే ఉండేది. ఎవరింట్లో ఏం కూరో, ఏ పెళ్ళికూతురు ఏ రంగు గుడ్డ తెచ్చిందో, అన్నీ ఆడి వీపుకి చెప్పేది. ఆడు ఊఁ కొట్టేవోడు. ఒక్కచోట మాత్రం నోరెత్తేది కాదు. రైలు గేటు తీసేసి పైన వంతెన కట్టారు గదా, ఆ ఎత్తు కాడ. అక్కడ ఆడు దిగి, ఆమె కూచునుండంగానే తోసుకుంటా ఎక్కేవోడు. నేనూ దిగుతానయ్యా అంటే దిగనిచ్చేవోడు కాదు. వయసు మీదపడతంది గదా, ఆడి ఆయాసం చెవిలో పడతా ఉంటే ఆమె ఏం మాట్లాడిద్ది చెప్పండి.

అట్టా ఉండంగా ఏమైందంటే, టౌనులో కొత్తగా గేర్ల సైకిళ్ళ కొట్టు పెట్టారంట. నాగూరు లోపలికిపోయి చూశాడు. కొట్టాయన ఒక సైకిల్ని ఒంటిచేత్తో లేపి చూపించి, ఇదుంటే వంతెన ఎక్కినట్టే తెలవదన్నాడంట. ఆ మాట ఆడి మనసులో దిగబడింది. ఖరీదంటారా, ఓ మంచి పాడిగేదె వచ్చిద్ది దానికి. సైకిలుకి అంతా అని మీరిప్పుడు మొహాలు చూసుకుంటన్నారే, ఊళ్ళో వాళ్ళూ అట్టాగే చూసుకున్నారు. ఆడు చీటీ పాడి కొనేశాడు, ఇంట్లో ఒక్కమాట చెప్పకుండా. తెచ్చి వాకిట్లో నిలబెట్టి జానమ్మని పిలిచాడు. ఆమె వచ్చి ముందూ ఎనకా చూసింది, చేత్తో తడిమింది, బాగుందంది. సీటు ఎనక చెయ్యి చూపించి మెల్లిగా అడిగిందంట, "మరి నేనెక్కడ కూచునేది మావా?"

అప్పుడు చూశాడు నాగూరు. క్యారియర్ లేదు దానికి. కట్టిద్దాంలే అని మెకానిక్కు కాడికి తీసకపోతే, దీనికి మనిషి బరువు మోసే క్యారియర్ కుదరదు, బలవంతాన బిగిస్తే విరిగిపోద్దన్నాడు. సరే, పాత సైకిలే తొక్కుతాలే అంటే జానమ్మ ఒప్పుకోలా. ఇంతపెట్టి కొన్నావు, నీ గుండెకి కాస్త సుఖం, దీని మీదే పో, నేను ఆటోలో వస్తానంది. ఆటోలో పోయింది కొన్నాళ్ళు. ఆమె కాలెత్తి పెట్టేలోపు ఆటోవోడు హారను కొట్టేవోడంట, లోపలున్నోళ్ళు అయ్యో పాపం అని చూసేవోళ్ళంట. ఆ హారనన్నా సహించిందిగానీ ఆ చూపులు సహించలా. ఇంటికాడే కుట్టుకుంటాలే అని మానేసింది.

ఇక నాగూరు ఒక్కడే పోతన్నాడు. కొట్టాయన అబద్ధం చెప్పలా, వంతెన మంచినీళ్ళు తాగినట్టు ఎక్కేస్తంది సైకిలు. ఒకరోజు పైకెక్కి, అలవాటుకొద్దీ ఊఁ అన్నాడంట. ఎనక ఎవరున్నారు. అక్కడే దిగి, పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంతసేపున్నాడో ఆడికే తెలవదు, పరుపుల కొట్లో ఆ పూట మాటపడ్డాడు కూడా. ఇంటికొచ్చి, దీన్ని కొట్టాయనకే తిరిగిచ్చేస్తాను, సగమన్నా ఇస్తాడన్నాడు.

జానమ్మ సంగతి చెప్పాలి మీకు. అంతకుముందే ఏమైందంటే, వాకిలి ఊడుస్తా అడ్డమొచ్చిన ఆ సైకిల్ని పక్కకి జరపబోయింది. పాత సైకిలైతే ఆమె వల్ల కదిలేది కాదు. ఇది ఒంటిచేత్తో లేచింది. ఆమె చీపురు అక్కడే పెట్టి, దాన్ని దించి, మళ్ళీ లేపి చూసిందంట. ఎవరికీ చెప్పలా. ఇప్పుడు ఆడు తిరిగిచ్చేస్తాననేసరికి నోరు విప్పింది.

"ఇచ్చేముందు నన్నొకసారి ఎక్కించు."

"పడతావే జానీ."

"పడితే లేపడానికి నువ్వున్నావుగా."

సరేనన్నాడు. ఆమె తనకో వదులు పైజామా కుట్టుకుంది. ఎడంపాదం పెడలు మీద నిలవదు గదా, దానికో గుడ్డపట్టీ కుట్టింది, లాగితే ఊడొచ్చేటట్టు. రైసుమిల్లు ఎనక వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఉంది చూడండి, అక్కడ నేర్చుకున్నారు. సీటు కిందికి దించి, గేరు బాగా చిన్నదేసి, ఆడు ఎనక సీటు పట్టుకుని పరిగెత్తేవోడు. కుడికాలు తొక్కితే ఎడంకాలు పట్టీలో దానెమ్మట తిరిగేది. పడింది, మోచెయ్యి గీసుకుంది. చాల్లేవే అన్నాడు. ఆమె లేపమని చెయ్యి చాపింది. అట్టా పడతా లేస్తా ఉండంగా ఓ సాయంత్రం ఆడు సీటు వదిలేశాడు. ఆమె చూసుకోలా. కళ్ళం చుట్టూ తిరిగి ఎదురొచ్చింది, ఆడు ఎనక కాదు, ముందున్నాడు.

మళ్ళీ పనికి బయల్దేరారు ఇద్దరూ. ఆమె గేర్ల సైకిలు మీద, ఆడు పాతదాని మీద. వంతెన కాడికొచ్చేసరికి ఆడు దిగి తోసుకుంటన్నాడు. ఆమె గేరు తగ్గించుకుంది, దిగలా. నత్త పాకినట్టే పోయిందనుకో, కానీ దిగలా. పైకెక్కి, పట్టీ ఊడలాక్కుని, కుడికాలు నేలకానించి నిలబడింది. నాగూరు రొప్పుకుంటా వచ్చేసరికి ఆమె కళ్ళనిండా నీళ్ళు. భయపడ్డాడు. కాలు పీకిందా, ఏంటే అన్నాడు.

"అదికాదు మావా. పుట్టినకాడ్నించి అందరూ నాకోసం ఆగినోళ్ళే. నేనొకరికోసం ఆగడం ఇదే."

నాగూరు ఆమె తల మీద చెయ్యేసి అట్టాగే ఉండిపోయాడంట. లారీలు పోతన్నాయి, బస్సులు పోతన్నాయి, ఎవరు చూస్తే ఏంది.

అంత పోసి సైకిలు కొనొచ్చా అని ఇప్పటికీ నన్నడుగుతా ఉంటారు. నాగూరుకైతే దండగే, ఆడు ఇవాళ్టికీ ఆ పాతదే తోసుకుంటన్నాడు, కొట్టుకి ఆలస్యంగానే పోతన్నాడు. జానమ్మ సంగతి నేను చెప్పడమెందుకు, ఆమెనే అడగండి. కింద రోడ్డు మీదైతే మీకు అందదు. మొగుడొచ్చిందాకా వంతెన పైన నిలబడి ఉంటది, అక్కడ అడగండి.