ఆఖర్ల చేరినోడు

చిక్కడపల్లి, 2013. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న బాలకిషన్, నారాయణగూడలోని యూనియన్ ఆఫీసు నుంచి అప్పుడే ఇంటికి వచ్చాడు. ఎదురుగా భార్య అరుంధతి, చేతిలో చాయ్‌తో.

“మీ పేరు లిస్టుల ఉన్నదా లేదా? ముందుగాల గది చెప్పుండ్రి.”

“లేదు.”

“బతికినం. గా మాట గుమ్మంల్నే చెప్తే ఏం పోయె? పొద్దటి సంది నా పానం పానంల లేదు.”

“ఇప్పుడు చెప్తున్న గద.”

“ఎందర్ని తీసేస్తున్నరు?”

“కార్లు అమ్ముడు పోతలేవని తొంభై మందన్నరు. నలభైకి దిగిండ్రు.”

“ఫణీంద్ర దించిండా?”

“యూనియన్ దించింది.”

“అదే, ఆయనే గద సెక్రటరీ.”

“మొన్న ఎలక్షన్ల నా మీద గెల్సిండు కాబట్టి సెక్రటరీ. పన్నెండేండ్లు నేను చెయ్యలేదా? నేను మాట్లాడుతుంటే మేనేజర్లు సమోసాలు తినుకుంట కూసుండేటోళ్లు. ఆయన ఇంగ్లీషుల నాలుగు ముక్కలంటే తలకాయలు ఊపిండ్రు. మనోళ్లయితే భుజాల మీద ఎత్తుకున్నరు. చౌరస్తా దాక.”

“ఎత్తుకోరా మరి? జీతం ఎక్కువున్న పాతోళ్లనే తీసేస్తమని కంపెనీ పట్టువట్టె. మీ నౌకరి నిలబెట్టింది ఆయనే.”

“నువ్వు సుత పోయి ఎత్తుకో.”

“గదేం మాట? ఇంతకు ఏమని ఒప్పించిండు?”

“ఆఖర్ల చేరినోళ్లే ముందు పోవాలె, కానూన్ గదే అన్నడు. ఒప్పుకున్నరు.”

“ఆఖర్ల... ఆగుండ్రి. ఆయన చేరి నాలుగేండ్లు సుత కాలే.”

“కాలే.”

“అంటే ఆయన పేరు?”

“ఉన్నది.”

“అయ్యో. తెల్సే ఒప్పించిండా?”

“తెల్సే.”

“మీరంత చూస్కుంట కూసున్నరా?”

“ఊకె కూసోలే. సెక్రటరీ ఒక్కన్ని ఉంచుమని కంపెనీని అడిగినం. కమిటీల మిగిలిన ఐదుగురికి ఐదుగురు ఇయ్యాల్నే సంతకం పెడితేనే ఉంచుతమన్నరు.”

“పెట్టిండ్రు గద?”

“చాయ్ చల్లగైంది.”

“పెట్టిండ్రా లేదా?”

“నలుగురు.”

“ఐదోడు ఎవడు? గంత కుళ్లు ఎవనికి? ఆయన ఇంట్ల మూడు నెలల పసిపిల్ల ఉన్నది. వాని చెయ్యి పడిపోను.”

“గట్లనకు.”

“ఎందుకనొద్దు?”

“సంతకం పెట్టుమని ఇచ్చిన కలం ఇగో. నా జేబుల పెట్టుకొని లేసొచ్చిన.”